ఎక్స్‌రేలో ‘నెమ్ము’: ఒక్క మాట వెనక ఎన్ని జబ్బులు?

మన ఇళ్లలో ఛాతీకి వచ్చే పెద్ద జబ్బులన్నిటికీ ఒకటే పేరు: నెమ్ము. న్యుమోనియా వచ్చినా నెమ్మే, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినా నెమ్మే, చంటిపిల్ల డొక్కలెగరేస్తున్నా నెమ్మే. క్షయ పేరు నలుగురిలో చెప్పుకోవడం ఇష్టంలేక దాన్నీ నెమ్ము కిందే జమకట్టేవాళ్లున్నారు. ఎక్స్‌రే తీయించాక కూడా “ఫిల్ములో నెమ్ము కనబడిందట” అనే బంధువులకు కబురు వెళ్తుంది.

నిజానికి ఫిల్ములో కనబడేది నెమ్మూ కాదు, టీబీ కాదు, క్యాన్సరూ కాదు. కనబడేది నీడ. ఆ నీడ ఎక్కడుంది, దాని అంచు ఎలా ఉంది, చుట్టుపక్కల వాటిని తోస్తోందా లాగుతోందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే జబ్బుల జాబితా ఇరవై నుంచి రెండు మూడుకు దిగుతుంది. అక్కడి నుంచి పేరు ఖాయం చేసేది జ్వరం ఎన్నాళ్ల నుంచి ఉందన్న వివరం, తెమడ పరీక్ష, అవసరమైతే సీటీ స్కాన్. ఈ వరస తలకిందులైతే, అంటే ఫిల్ము చూడగానే పేరు పెట్టేస్తే, ఏం జరుగుతుందో క్షయ దగ్గరికి వచ్చాక చూద్దాం.

అయిదు రంగులు, ఒక చిక్కు

ఎక్స్‌రే కిరణాలు ఒంట్లోంచి దూరి అవతలి ప్లేటును తాకుతాయి. దారిలో అడ్డం లేనిచోట నలుపు పడుతుంది, అడ్డం పెరిగేకొద్దీ తెలుపు పడుతుంది. గాలి నల్లగా, కొవ్వు ముదురు బూడిద రంగులో, నీరూ కండా రక్తమూ లేత బూడిద రంగులో, ఎముక తెల్లగా, లోహం ఇంకా తెల్లగా కనిపిస్తాయి. 1895 నవంబర్ 8న రాంట్‌జన్ ఈ కిరణాలను కనిపెట్టినప్పటి నుంచి డిజిటల్ యంత్రాలు వచ్చిన ఈనాటి దాకా మారనిది ఈ లెక్కే.

చిక్కంతా మూడో రంగుతోనే. నీరు, చీము, రక్తం, కండ, గడ్డ అన్నీ అదే రంగు. తెల్లమచ్చ రంగును బట్టి అది చీమో క్యాన్సరో చెప్పడం ఎంతటి రేడియాలజిస్టుకూ సాధ్యం కాదు. కాబట్టే చోటు, అంచు, తోపుడు చూడాల్సి వస్తుంది.

ముందు ఫిల్ము బాగుందా?

ఫిల్మును మన ఎదురుగా నిలబడ్డ మనిషిలా చూడాలి. రోగి కుడివైపు మన ఎడమచేతి వైపుకు వస్తుంది. మూలన ఉన్న ‘ఆర్’ లేదా ‘ఎల్’ గుర్తు చూశాకే మిగతా సంగతి. గుర్తు చూడకుండా ఫిల్మును తిప్పి పెట్టి, గుండె కుడివైపుందని కంగారుపడటం కొత్తవాళ్లకు మామూలే.

నిలబెట్టి, ఛాతీని ప్లేటుకు ఆనించి, వీపు వైపు నుంచి 180 సెంటీమీటర్ల దూరంలో యంత్రాన్ని పెట్టి తీసేది పి.ఏ. వ్యూ. లేవలేని రోగికి మంచం మీదే, ముందువైపు నుంచి, దాదాపు 100 సెంటీమీటర్ల దూరంలో తీసేది ఏ.పి. వ్యూ. గుండె ఉండేది ఛాతీ ముందు భాగంలో. ఏ.పి.లో అది ప్లేటుకు దూరమవుతుంది కనుక నీడ సాగి పెద్దదిగా పడుతుంది. దీపం ముందు చెయ్యి పెట్టి గోడకు దూరం జరిగితే చేతి నీడ పెరిగినట్టే. గుండె అడ్డం కొలత ఛాతీ లోపలి అడ్డం కొలతలో సగం దాటకూడదన్న లెక్క పెద్దవాళ్లకు పి.ఏ. వ్యూలోనే చెల్లుతుంది. ఐసీయూలో తీసిన ఫిల్ము చూసి గుండె పెరిగిందనడానికి లేదు.

ఊపిరి నిండా పీల్చి ఆపారా అన్నది తరవాతి ప్రశ్న. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే కండపొర డయాఫ్రం. దాని పైన, ముందువైపు నుంచి దిగే పక్కటెముకలు అయిదారు లెక్కకు రావాలి. వెనకవైపువి లెక్కపెడితే తొమ్మిది పది. నాలుగే వచ్చాయంటే ఊపిరి సగంలో ఉండగా తీశారన్నమాట. అప్పుడు ఊపిరితిత్తుల అడుగుభాగం నలిగి తెల్లబారుతుంది, గుండె అడ్డంగా పరుచుకుంటుంది. లేని న్యుమోనియా, లేని గుండె వాపు రిపోర్టులోకి ఎక్కేది ఇలాంటి ఫిల్ముల వల్లే.

ఒళ్లు పక్కకు తిరిగితే రెండు ఊపిరితిత్తులూ ఒకే నలుపులో ఉండవు. రెండు కాలర్ ఎముకల లోపలి కొసలూ మధ్యనున్న వెన్నుముల్లుకు సమదూరంలో ఉన్నాయో లేదో చూస్తే ఇది తెలిసిపోతుంది. గుండె వెనక వెన్నుపూసలు లీలగా కనిపించాలి. అసలు కనబడకపోతే కిరణం చాల్లేదు. డిజిటల్ యంత్రాలు వెలుగును వాటంతటవే సర్దుకోవడం వల్ల ఈ చివరి ఇబ్బంది కొంత తగ్గింది.

ఇక జడ. ఎక్స్‌రే గదిలో “జడ పైకి ముడేసుకోండమ్మా” అనడం ఊరికే కాదు. భుజం మీదుగా పడిన జడ ఊపిరితిత్తి పైభాగం మీద పొడుగ్గా, గరుగ్గా మచ్చ వేస్తుంది. టీబీ ఇష్టపడే చోటు కూడా సరిగ్గా అదే. ఆ మచ్చ కాలర్ ఎముక దాటి, ఛాతీ హద్దు దాటి మెడ మీదికి సాగుతుంటే అది జడే. పుస్తెల తాడు, తాయెత్తు, రవిక హుక్కులు లోహం కాబట్టి సులువుగా దొరికిపోతాయి. మోసం చేసేవి జడ, చనుమొన, చర్మం మడత. చనుమొన నీడ గుండ్రంగా, చిన్న గడ్డలా ఉంటుంది. అనుమానం వస్తే మొన మీద చిన్న లోహపు బిళ్ల అంటించి మళ్లీ తీస్తే తేలిపోతుంది.

అంచు చెరిగిపోతే

ఊపిరితిత్తిలో గాలి ఉండాల్సిన బుడగల్లోకి చీమో నీరో నిండితే ఆ భాగం తెల్లబడుతుంది. దీన్ని కన్సాలిడేషన్ అంటారు. న్యుమోనియాలో జరిగేది ఇదే. బుడగలు నిండినా వాటిదాకా వచ్చే గొట్టాల్లో గాలి మిగులుతుంది. తెల్లటి మచ్చ మధ్యలో కొమ్మల్లా చీలిన నల్లటి గీతలు కనిపిస్తే, వాటిని ఎయిర్ బ్రాంకోగ్రామ్ అంటారు, ఆ నీడ ఊపిరితిత్తి లోపలిదే, చుట్టూ చేరిన నీరు కాదన్న నమ్మకం వస్తుంది.

ఏ భాగానికి న్యుమోనియా వచ్చిందో చెప్పడానికి చక్కటి ఉపాయం ఒకటుంది. అమెరికా రేడియాలజిస్టు బెంజమిన్ ఫెల్సన్ 1950లో ప్రచారంలోకి తెచ్చిన ‘సిలౌట్ సైన్’ అది. గుండె అంచు మనకు గీత గీసినట్టు కనిపించడానికి కారణం దాని పక్కన నల్లటి గాలి ఉండటం. ఆ గాలి స్థానంలోకి నీటి రంగుది ఏదైనా వచ్చి గుండెను ఆనుకుంటే రెండూ ఒకే రంగు అయిపోయి అంచు చెరిగిపోతుంది. పాలల్లో పాలు కలిసినట్టు.

ఇది దగ్గరగా చూద్దాం. నాలుగు రోజులుగా చలిజ్వరం, దగ్గు ఉన్న మనిషి ఫిల్ములో కుడివైపు కింద భాగం తెల్లగా ఉందనుకోండి. గుండె కుడి అంచు చెరిగిపోయి, కుడి డయాఫ్రం గీత మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే జబ్బు మధ్య లోబ్‌లో (ఊపిరితిత్తిలోని ఒక్కో పెద్ద భాగం ఒక లోబ్) ఉంది, ఎందుకంటే గుండెను ఆనుకునేది అదే. డయాఫ్రం గీత పోయి గుండె అంచు నిలిస్తే కింది లోబ్. మచ్చ పై హద్దు కత్తితో కోసినట్టు అడ్డగీతగా ఆగిపోతే, అది పై లోబ్‌కూ మధ్య లోబ్‌కూ నడుమనున్న చీలిక. ఎడమవైపు మధ్య లోబ్ లేదు, దాని వంతు పై లోబ్‌లోనే నాలుకలా ఉండే లింగ్యులాది. ఎడమ గుండె అంచు చెరిగిందంటే చూపు అటే పోవాలి.

ఎడమ కింది లోబ్ న్యుమోనియా మహా గడుసుది, గుండె చాటున నక్కుతుంది. గుండె నీడ అంతటా ఒకే తెలుపులో ఉందా, ఎడమ డయాఫ్రం గీత గుండె వెనక కూడా సాగుతోందా అని పనిగట్టుకుని చూస్తేనే దొరుకుతుంది. గుండె వెనక, డయాఫ్రం వంపు వెనక, కాలర్ ఎముకల వెనక, గొట్టాలూ రక్తనాళాలూ ఊపిరితిత్తిలోకి దూరే చోట్లయిన రెండు హైలంల దగ్గర... జబ్బు దాక్కునేది ఈ నాలుగు చోట్లే. మొదటి మచ్చ దొరకగానే వెతకడం మానేయడం వల్ల రెండోది తప్పిపోతుంటుంది.

న్యుమోనియా విషయంలో ఫిల్ముకూ మనిషికీ కాలం కలవదు. జబ్బు మొదలైన తొలి గంటల్లో ఫిల్ము మామూలుగా ఉండొచ్చు. మందులు పడ్డాక రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గి మనిషి లేచి కూర్చుంటాడు, మచ్చ మాత్రం వారాల తరబడి అలాగే ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లకు నెల, పెద్దవాళ్లకు రెండు మూడు నెలలు పట్టొచ్చు. మనిషి కోలుకుంటుంటే వారానికో ఎక్స్‌రే తీయించి “ఇంకా పోలేదు” అని యాంటీబయాటిక్ మార్చడం దండగ. ఆరు వారాలకు ఒకసారి తీస్తే చాలు. పొగతాగేవాళ్లకూ, యాభై దాటినవాళ్లకూ ఆ ఎక్స్‌రే మానకూడదు. మచ్చ అక్కడే కూర్చుని ఉంటే దాని వెనక గొట్టాన్ని మూసేసిన గడ్డ ఏదైనా ఉందేమో చూడాలి.

పసిపిల్లల సంగతి వేరు. చిన్నపాటి న్యుమోనియాకు ఎక్స్‌రే అవసరమే రాదు, ఊపిరి లెక్కపెడితే సరిపోతుంది. నిమిషానికి, రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, లేదా ఆ పైన ఉంటే వేగంగా పీలుస్తున్నట్టు. డొక్కలెగరేస్తుంటే ఇక లెక్కతో పనిలేదు, ఆస్పత్రికి పరిగెత్తడమే. చంటిపిల్లల ఫిల్ములో గుండె పైన ఓడ తెరచాపలా కనిపించే థైమస్ గ్రంథిని గడ్డ అనుకుని భయపడేవాళ్లు చాలామంది. అది మామూలే.

నీరు: వంపు గీత, తిన్న గీత

ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్య నీరు చేరడం ప్లూరల్ ఎఫ్యూజన్. మామూలు ఫిల్ములో డయాఫ్రం, పక్కటెముకలు కలిసేచోట కొసదేరిన మూల ఉంటుంది. నిలబడ్డ మనిషిలో నీరు మొదట వెనకవైపు మూలలోకి దిగుతుంది. అందుకే పక్క నుంచి తీసిన ఫిల్ములో 50 మిల్లీలీటర్లకే జాడ తెలిస్తే, ఎదురుగా తీసినదాన్లో మూల మొద్దుబారడానికి దాదాపు 200 మిల్లీలీటర్లు కావాలి. మంచం మీద పడుకోబెట్టి తీస్తే నీరు వీపంతా పరుచుకుని ఆ వైపంతా పలచటి తెర కప్పినట్టు కనిపిస్తుంది, మూల మాత్రం బాగానే ఉన్నట్టుంటుంది. నీరుందా లేదా అన్న అనుమానం తీర్చడానికి అల్ట్రాసౌండ్‌కు మించింది లేదు.

నీటి పై అంచు పక్కటెముకల వైపు ఎక్కి, మధ్యవైపు దిగుతూ వంపుగా ఉంటుంది. వంపు లేకుండా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉందంటే నీటి పైన గాలి కూడా ఉన్నట్టే. ఆ గాలి ఊపిరితిత్తి చిల్లుపడి వచ్చిందో, ఎవరైనా సూది వేసినప్పుడు దూరిందో, చీములోని క్రిముల పనో కనుక్కోవాలి. ఈ చిన్న తేడా వైద్య విద్యార్థిని పరీక్షలో కాపాడుతుంది, రోగిని ఆస్పత్రిలో కాపాడుతుంది.

రెండువైపులా నీరుంటే ముందు గుండె, కిడ్నీ, లివర్ వైపు చూస్తారు. మన దేశంలో వయసులో ఉన్న మనిషికి జ్వరంతో ఒకవైపే నీరు చేరితే మొదటి అనుమానం టీబీ. పెద్దవయసులో ఒకవైపు నీరు, అందులోనూ ఎర్రటిది, పదే పదే చేరుతుంటే క్యాన్సర్ కోసం వెతకాలి. నీరు తీసి పరీక్షకు పంపేదాకా ఇవన్నీ అనుమానాలే.

ఒకవైపంతా తెల్లగా అయిపోయిన ఫిల్ము చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఇక్కడే మూడో ప్రశ్న పనికొస్తుంది. మెడ కింద మధ్యలో నిలువుగా దిగే నల్లటి గొట్టం, శ్వాసనాళం, ఎటు జరిగింది? తెల్లగా ఉన్న వైపు నుంచి అవతలికి తోసుకుపోతే లోపల నీరు నిండి ఒత్తుతోంది. తెల్లగా ఉన్న వైపే లాగబడితే ఆ ఊపిరితిత్తి కుంచించుకుపోయింది: గొట్టంలో గడ్డో, గట్టిపడ్డ కఫమో, పిల్లలైతే మింగబోయిన వేరుశనగ గింజో అడ్డం పడి ఉండొచ్చు. ఆపరేషన్‌లో ఆ ఊపిరితిత్తిని తీసేసినా ఇలాగే ఉంటుంది కనుక వీపు మీద కోత గుర్తుందేమో చూడాలి. మధ్యలోనే నిలబడితే న్యుమోనియా, లేదా నీరూ కుంచింపూ రెండూ కలిసి ఒకదాన్నొకటి సరిపెట్టుకున్న స్థితి. రెండోది పెద్దవాళ్లలో క్యాన్సర్ గుర్తు కావచ్చు. తేడా తెలియకుండా కుంచించుకుపోయిన ఊపిరితిత్తిలోకి నీరు తీయడానికి సూది గుచ్చితే రక్తస్రావం, గాలి లీకు తప్ప వచ్చేదేమీ ఉండదు.

గుండ్రంగా, నున్నటి అంచుతో, బత్తాయిలా ఉన్న నీడకూ సూది విషయంలో ఇదే జాగ్రత్త. మేకలు, గొర్రెలు, కుక్కలతో మసలేవాళ్లలో హైడాటిడ్ తిత్తి ఇలా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో ఈ జబ్బు మొదటి నుంచీ ఎక్కువే. చూడకుండా గుచ్చితే తిత్తి పగిలి ఒంట్లో తీవ్రమైన ఎలర్జీ రేగవచ్చు.

క్షయ: ఫిల్ము అనుమానిస్తుంది, తెమడ తేలుస్తుంది

ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కనుక ఇక్కడ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనబడితే ముందు టీబీ గుర్తురావడం తప్పేమీ కాదు. తప్పు అక్కడితో ఆగిపోవడంలో ఉంది.

పెద్దవాళ్లలో టీబీ ఎక్కువగా పై లోబ్ వెనక భాగాల్లో, కింది లోబ్ పైకొసలో ఉంటుంది. ఫిల్ములో చూస్తే కాలర్ ఎముక కింద, దాని వెనక. మచ్చ ఒకే ముద్దలా కాక దూది పింజలు అతికించినట్టు అక్కడక్కడా ఉంటుంది. దాని మధ్యలో గోడ కట్టిన నల్లటి గుల్ల, క్యావిటీ, కనబడితే అనుమానం బలపడుతుంది. గుల్ల ఉన్న మనిషి తెమడలో క్రిములు విపరీతంగా ఉంటాయి, ఇంట్లో వాళ్లకు అంటించేదీ ఆ మనిషే. పిల్లల్లో గుల్లలు అరుదు, హైలం దగ్గర బిళ్లలు (లింఫ్ గ్రంథులు) వాచి ఒకవైపు ఉబ్బినట్టు కనిపిస్తుంది. షుగర్ అదుపులో లేనివాళ్లలో టీబీ ఊపిరితిత్తి కింది భాగంలో వచ్చి న్యుమోనియాలా నటిస్తుంది. హెచ్‌ఐవీ ముదిరినవాళ్లలో గుల్లలు అరుదుగానే కడతాయి, ఒక్కోసారి ఫిల్ము పూర్తిగా మామూలుగానే ఉంటుంది. పైభాగం బాగుంది కదా అని టీబీని కొట్టిపారేయడం కుదరదు.

రిపోర్టులో ‘కాక్స్’ అన్న మాట కనిపిస్తే అది టీబీకి మర్యాదపేరు. 1882 మార్చి 24న క్షయ క్రిమిని ప్రకటించిన రాబర్ట్ కాక్ పేరు మీద వచ్చింది. ‘సజెస్టివ్ ఆఫ్ కాక్స్’ అంటే టీబీ కావచ్చని మాత్రమే. టీబీ అని అర్థం కాదు. ఆ మాట పట్టుకుని మందులు మొదలుపెట్టే ముందు తెమడ ఇవ్వాలి. పొద్దున్నే లేవగానే, లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ కావాలి, ఉమ్మి పనికిరాదు. సీబీనాట్ పరీక్ష దాదాపు రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో రెండూ చెబుతుంది. మన దేశంలోనే తయారైన ట్రూనాట్ కూడా ఇదే పని చేస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్షలూ మందులూ ఉచితం.

ఈ మెట్టు దాటేస్తే నష్టం రెండువైపులా ఉంది. మొండి టీబీ ఉన్నవాడు పనిచేయని మందులు మింగుతూ ఊరికి అంటిస్తాడు. ఇంకొకడు ఊపిరితిత్తి క్యాన్సర్‌తో ఉండి, పైభాగంలో మచ్చ ఉంది కాబట్టి టీబీ మందులు మూడు నాలుగు నెలలు వాడి, మచ్చ పెరిగాక అసలు డాక్టరు దగ్గరికి చేరతాడు. మన క్యాన్సర్ వార్డుల్లో ఈ కథ కొత్తది కాదు. తెమడలో క్రిమి దొరకని ‘టీబీ’ మందులకు లొంగకపోతే మందు మార్చడం కాదు, రోగనిర్ధారణనే మళ్లీ మొదటి నుంచి చూడాలి.

నయమైన టీబీ కూడా ఫిల్ములో జీవితాంతం సంతకం వదిలిపోతుంది: సున్నపు చుక్కలు, సన్నటి పీచు గీతలు, పైకి లాగబడిన హైలం, మచ్చ వైపుకు వంగిన శ్వాసనాళం. టీబీ ఇప్పుడు రగులుతోందా, ఆరిపోయిందా అని ఒక్క ఫిల్ము చూసి ఖాయంగా చెప్పలేం. పాత ఫిల్ము పక్కన పెట్టి తేడా లేదని చూస్తేనే ధైర్యం. గల్ఫ్ మెడికల్‌కు వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల కుర్రాళ్లకు ఎప్పుడో చిన్నప్పటి మచ్చ ‘అన్‌ఫిట్’ ముద్రగా ఎదురవుతూ ఉంటుంది. అది వీసా నిబంధన, వైద్యపరంగా రోగం ఉన్నట్టు కాదు. పాత గుల్లలో బూజు ఉండలా పెరిగితే దాని పైన నెలవంక ఆకారంలో గాలి కనిపిస్తుంది. అలాంటివాళ్లు ఉన్నట్టుండి దగ్గులో రక్తం కక్కితే టీబీ తిరగబెట్టిందని తొందరపడకూడదు.

కొర్రలు చల్లినట్టు

రెండు ఊపిరితిత్తుల నిండా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల చుక్కలు సమంగా చల్లినట్టుంటే మిలియరీ టీబీ. లాటిన్‌లో మిలియం అంటే చిరుధాన్యం. మనకు కొర్ర గింజ ఉండే సైజే. క్రిములు రక్తంలో కలిసి ఒళ్లంతా పాకిన స్థితి ఇది, మెదడు పొరలకూ పాకుతుంది, ఆలస్యం పనికిరాదు. తెమడలో మాత్రం క్రిమి తరచూ దొరకదు.

కోస్తా జిల్లాల వాళ్లు ఇక్కడ ఇంకో జబ్బు గుర్తుపెట్టుకోవాలి. బోదకాలు క్రిమి ఉన్న ప్రాంతాల్లో దానికి ఒళ్లు ఎదురుతిరగడం వల్ల వచ్చే ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫీలియాలోనూ మధ్య, కింది భాగాల్లో ఇలాంటి చుక్కలే ఉంటాయి. అర్ధరాత్రి దాటాక నిద్రపట్టనివ్వని దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 3000 పైన ఉంటే దారి అటు. ఆస్తమా అనో మిలియరీ టీబీ అనో పొరబడేది దీన్నే. బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్రలు మూడు వారాలు వాడితే చాలామందికి దగ్గు వదిలిపోతుంది.

రాతి క్రషర్లు, క్వారీల్లో ఏళ్లుగా పనిచేసినవాళ్లలో పైభాగాన చుక్కలుంటే సిలికోసిస్. బిళ్లల చుట్టూ కోడిగుడ్డు పెంకులా సున్నం పేరుకోవడం దానికి తెలిసిన గుర్తు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది కాబట్టి రెండూ కలిసే ఉండొచ్చు. డాక్టరు “ఏం పని చేస్తారు?” అని అడిగింది ఇందుకే.

గాలి ఎక్కువైనప్పుడు

ఇప్పటిదాకా తెల్లటి జబ్బులు. నల్లటివి తక్కువగా కంటపడతాయి, ప్రమాదం మాత్రం తక్కువ కాదు. ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి పొరల మధ్యకు చేరితే న్యూమోథొరాక్స్. వెంట్రుకంత సన్నటి తెల్ల గీత పక్కటెముకలకు సమాంతరంగా కనిపిస్తుంది, దాని బయటివైపు రక్తనాళాల కొమ్మలు ఉండవు, ఉత్త నలుపు. గీత బయట కూడా కొమ్మలు కనిపిస్తే అది చర్మం మడతో, భుజపు ఎముక అంచో. గీతకూ పక్కటెముకలకూ మధ్య హైలం ఎత్తులో 2 సెంటీమీటర్ల ఎడం ఉంటే ఆ వైపు సగం దాకా గాలి నిండినట్టు లెక్క. గాలి ఒత్తిడికి గుండె పక్కకు జరిగి, బీపీ పడిపోయి, మనిషి నీలంగా మారుతుంటే ఎక్స్‌రే కోసం ఆగరు, ముందు సూది వేసి గాలి వదులుతారు. పొగతాగేవాళ్లలో పెద్ద గాలిబుడగలు, బుల్లాలు, అచ్చం ఇలాగే ఉంటాయి. వాటిలోకి ట్యూబు వేస్తే లేని చిల్లును మనమే పెట్టినట్టు.

బీడీలు, కట్టెల పొయ్యి పొగ ఏళ్ల తరబడి పీల్చినవాళ్లలో గొట్టాలు ఇరుకై గాలి బయటికి పోనివ్వని సీఓపీడీ ముదిరితే ఊపిరితిత్తులు ఉబ్బి డయాఫ్రం గొడుగులా కాక పళ్లెంలా చదునవుతుంది, గుండె సన్నగా వేలాడుతుంది, ముందువైపు పక్కటెముకలు ఏడు దాకా లెక్కకొస్తాయి. తొలిదశలో ఫిల్ము మామూలే. దీన్ని పట్టేది గట్టిగా ఊదించి చూసే స్పైరోమెట్రీ. ఆస్తమాలో కూడా ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. తీసేది ఇంకేదైనా ఉందేమోనని.

ఆయాసం ఉన్న ప్రతి తెల్లటి ఫిల్మూ ఊపిరితిత్తుల జబ్బూ కాదు. గుండె పంపు చేసే శక్తి తగ్గితే ఊపిరితిత్తుల పైభాగపు రక్తనాళాలు లావెక్కుతాయి, అడుగున పక్కటెముకల దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్ల పొట్టి అడ్డగీతలు, కెర్లీ బి గీతలు, వస్తాయి, తరవాత హైలం చుట్టూ గబ్బిలం రెక్కల్లా తెల్లబడుతుంది. న్యుమోనియా మచ్చ వారాలుంటే, ఇది నీరు పోయించే మందు పడ్డాక ఒకటి రెండు రోజుల్లో పలచబడుతుంది. ఆ వేగమే గుర్తు.

రిపోర్టు, ఫోను, పాత ఫిల్ము

రిపోర్టులో ‘ప్రామినెంట్ బ్రాంకోవాస్కులర్ మార్కింగ్స్’ (గొట్టాల, రక్తనాళాల గీతలు కాస్త ఎక్కువగా ఉన్నాయని) అని రాసి ఉంటే అదొక్కటే జబ్బు కాదు. ఊపిరి సగంలో తీసినా, పొగతాగే అలవాటున్నా, జలుబు చేసినా ఆ మాట పడుతుంది. ‘సీపీ యాంగిల్స్ ఫ్రీ’ అంటే మూలల్లో నీరు లేదని. ‘క్లినికల్ కోరిలేషన్’ అంటే రోగిని చూసి మీరే తేల్చుకోండని డాక్టరుకు చెప్పడం, తప్పించుకోవడం కాదు. మూడు సెంటీమీటర్ల లోపు గుండ్రటి నీడ నాడ్యూల్, దాటితే మాస్. దగ్గులో రక్తం పడుతూ, బరువు తగ్గుతూ ఉన్న పొగరాయుడికి ఫిల్ము మామూలుగా ఉన్నా సీటీ తీయించాల్సిందే.

సీటీ ముందే తీయించుకుంటే పోలా అనిపించొచ్చు. ఛాతీ ఎక్స్‌రేలో ఒంటికి తగిలే రేడియేషన్ దాదాపు 0.02 మిల్లీసీవర్ట్. నేల, గాలి, ఆకాశం నుంచి సహజంగా ఏడాదికి సగటున 2.4 తగులుతుంది కనుక ఇది మూడు రోజుల వాటా. మామూలు ఛాతీ సీటీ దానికి కొన్ని వందల రెట్లు. అవసరమైతే వెనకాడక్కర్లేదు, మొదటి మెట్టుగా మాత్రం కాదు. కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. పదిహేనేళ్లు, ఆ పైబడినవాళ్లలో టీబీ జల్లెడ పట్టడానికి వీటిని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అవి ఇచ్చేది అనుమానపు స్కోరు, దాని తరవాత వచ్చేది మళ్లీ తెమడ డబ్బానే.

ఫిల్మును కిటికీకి ఆనించి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు రివాజు. కిటికీ ఊచలు పక్కటెముకల్లో కలిసిపోతాయి, కొర్ర గింజంత చుక్కలు మాయమవుతాయి, న్యూమోథొరాక్స్ వెంట్రుక గీత అసలే రాదు, మూలనున్న ‘ఆర్’ కోతలో పోతుంది. డిజిటల్ సెంటర్లలో అడిగితే అసలు బొమ్మను డైకామ్ ఫైలుగా సీడీలోనో లింకుగానో ఇస్తారు. పంపాల్సింది అది. దాంతోపాటు పాత ఫిల్ము, ఎప్పటిదైనా సరే. పైభాగంలో సెంటీమీటరు గడ్డ చూసి డాక్టరు బయాప్సీ (సూదితో ముక్క తీసే పరీక్ష) రాయబోతుంటే, అదే గడ్డ అదే సైజులో అయిదేళ్ల కిందటి ఫిల్ములో కనిపిస్తే, చాలాసార్లు ఆ సూది అవసరం తప్పుతుంది.